హన్నమ్మ నడిచిన పన్నెండు అడుగులు

నంద్యాలలోని ఆ ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఫిజియో జాహ్నవి పని చూడ్డానికి చిన్నదే. కిందపడి వచ్చిన ముసలివాళ్ల ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోతే డాక్టరు ఆమెను పిలుస్తాడు. పది అడుగులు నడిపించి చూడాలి. నడిస్తే ఇంటికి, నడవకపోతే వార్డుకి. కాగితం కింద ఆమె సంతకం. ఫిజియో అంటే కాళ్లు పిసికే పిల్ల అనుకునేవాళ్లకు ఆ సంతకం బరువేం తెలుస్తుంది?

ఆ మంగళవారం ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుంచి హన్నమ్మ వచ్చింది. గడప దగ్గర జారిపడిందట. ఎక్స్‌రే బాగానే ఉంది. జాహ్నవిని చూడగానే ముఖం చేటంత చేసుకుంది. ఏడాదిన్నర కింద ఆమె భర్త ఏసయ్య పక్షవాతంతో మంచాన పడితే, ఆయన్ను ఎలా చూసుకోవాలో నేర్పింది ఈ పిల్లే.

"తుంటికాడ నొప్పుందా అవ్వా?"

"యాడిది మా నొప్పి! నేను బేగా ఇంటికి పోవల్ల."

హన్నమ్మ లేచి, కొంగు పళ్ల మధ్య బిగించి, పది కాదు, పన్నెండు అడుగులు వేసింది. జాహ్నవి కళ్లు పాదాల మీదే ఉన్నాయి. కొంగు పంటితో పట్టడం కూలికి పోయే ఆడవాళ్లకు అలవాటే కదా అనుకుంది. ఎక్స్‌రేకి దొరకని పగులు తుంటిలో దాగి ఉండొచ్చని ఆమెకు తెలుసు. స్కాను అడగవచ్చు. కానీ బయట ఇంకా ఐదుగురున్నారు, ఈమేమో నొప్పే లేదంటోంది. సంతకం పెట్టేసింది.

శుక్రవారం పొద్దున హన్నమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి స్ట్రెచర్ మీద. కుడికాలు పొట్టిదైపోయి, పాదం పక్కకు వాలిపోయి ఉంది.

"మొన్నటి పగులే. బరువు మోసి విరగ్గొట్టుకుంది," అన్నాడు డాక్టర్ రాజశేఖర్ కొత్త ఎక్స్‌రే చూస్తూ. "అప్పుడే పడుకోబెట్టింటే సరిపోయేది. ఇంక మునుపటి మాదిరి నడిచేది కష్టం. నడిపించి చూసింది నువ్వే గదా?"

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, జాహ్నవి ముసలామె మీద విరుచుకుపడింది. "నొప్పి ల్యాదని ఎందుకు అబద్ధం చెప్తివి అవ్వా?"

హన్నమ్మ నొచ్చుకోలేదు. "నొప్పుందంటే ఈడే పండబెడ్తారు గదా మా. ఆయప్పను ఎవురు తిప్పుతారు? రెండు గంటలకొకసారి పక్క మార్చల్ల, ల్యాకుంటే పుండ్లు పడ్తాయని నువ్వే గదా చెప్తివి. ఒక్క పూట గూడా తప్పల్యా నేను."

జాహ్నవికి ఆ మాటలు చెప్పిన రోజు గుర్తుంది. ఎంత గట్టిగా చెప్పిందో కూడా గుర్తుంది.

"ఇప్పుడెవరున్నారు ఆడ?"

"పక్కింటి మేరీ. ఆ యమ్మకు చేతకాదు మా."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా జాహ్నవి మధ్యాహ్నం సెలవు పెట్టి ఆళ్లగడ్డ బస్సెక్కింది. పల్లె చేరేసరికి మూడైంది. మేరీ సాయంతో ఏసయ్యను పక్కకు తిప్పి, చొక్కా ఎత్తి చూసింది. వీపు, నడుము, మడమలు అన్నీ వెతికింది. ఏడాదిన్నర మంచంలో ఉన్న మనిషి ఒంటి మీద ఒక్క పుండు లేదు. కందిన చోటు కూడా లేదు. ఆసుపత్రిలో నర్సులు చూసే రోగులకు కూడా అంత శుభ్రమైన వీపు ఆమె ఎన్నడూ చూడలేదు. ఏడుపు ఆగలేదు.

"హన్నమ్మ యాడ?" వంకరపోయిన నోటితో ఏసయ్య అడిగాడు. "నడుస్తాందా?"

జాహ్నవి గోడ గడియారం వైపు చూసింది. మూడూ పది. ఐదూ పదికి మళ్లీ తిప్పాలి. మంచం పక్కనే నేల మీద కూర్చుంది.