పదోసారి తొక్కిన బ్రేకు

రక్షిత తన భర్త కారు ఎక్కక పదకొండు నెలలైంది.

భర్త తిలక్‌కు హోసూరులో లేత్ షాపు ఉంది. ఒక పాత కారు అడుగుభాగం మీద, ఆదివారాలు పనిచేసి, ఆరేళ్లలో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కట్టుకున్నాడు. ఇంజిను మార్చాడు. బ్రేకులు మార్చలేదు. పోయిన ఏడాది భార్యతో కృష్ణగిరికి బయలుదేరాడు. సూళగిరి దాటాక రోడ్డు పల్లానికి దిగుతుంది. మూడోసారి బ్రేకు తొక్కేసరికి పెడల్ నేలకంటింది. హ్యాండ్ బ్రేకు లాగాడు. టమాటా లారీకి మూరెడు దూరంలో కారు ఆగింది. రక్షిత దిగి, రోడ్డు దాటి, హోసూరు బస్సెక్కింది.

ఇంటికొచ్చాక ఆమె ఒకటే మాట చెప్పింది.

"బ్రేకులు మార్చు. నేనే తొక్కి చూస్తాను. సరిగా ఉంటే ఎక్కుతాను. లేదంటే అమ్మేద్దాం."

ఆమె సిప్‌కాట్ పారిశ్రామికవాడలోని విడిభాగాల కంపెనీలో ఇన్‌స్పెక్టరు. తిలక్ సరేనన్నాడు.

జూజువాడి మెకానిక్ శరవణన్ ముందు చక్రాలకు బ్రేకు డిస్కులు తెచ్చాడు. అవి పాతవాటి కంటే పెద్దవి. పదమూడు అంగుళాల రేకు చక్రాల్లో పట్టలేదు. పదిహేను అంగుళాల అల్లాయ్ చక్రాలు కొన్నారు. డిస్కును పట్టే కాలిపర్‌కూ చక్రానికీ మధ్య మూడు మిల్లీమీటర్ల సందు మిగిలింది. శరవణన్ అట్టముక్క దూర్చి చూశాడు.

"పోదుం అణ్ణా, ఇంత చాలు, తగల్దు."

శనివారం అతనే నడిపి చూసి కారు అప్పజెప్పాడు. ఆదివారం పొద్దున రాయకోట రోడ్డులోని ఒక లేఅవుటుకు పోయారు. అక్కడ రోడ్డు వేశారు, ఇళ్లు ఇంకా లేవలేదు. తిలక్ కారులో, శరవణన్ బైకు మీద, రక్షిత స్కూటర్ మీద వచ్చారు. రక్షిత సుద్దతో రోడ్డు పొడవునా గీత గీసి, కారులో ఒక్కతే కూర్చుంది. గీత మీదుగా అరవై వేగంతో వచ్చి బ్రేకు తొక్కింది.

కారు గీతకు కుడివైపు మూడడుగుల దూరంలో ఆగింది. రెండోసారీ అంతే.

"అయిపోయింది. అమ్మేద్దాం," అంది దిగుతూ.

"ఒక్క నిమిషం ఉండు," అన్నాడు తిలక్.

"ఏం ఉండేది? నిలబడల్ల అన్నానే గానీ పక్కకు పొమ్మన్నానా?"

"నిన్న నేను తొక్కితే నేరుగా వచ్చినాది అక్కా," అన్నాడు శరవణన్. ఎడమ చక్రం విప్పి డిస్కు అంచును వేలితో తుడిచాడు. వేలు పసుపుపచ్చగా వచ్చింది. వాసన చూశాడు. "అణ్ణా, ఇది ఆముదం."

తిలక్ తన తల్లి జయలక్ష్మమ్మకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, కారుకు పూజ చేసినావా?"

"చేసినాను. కొత్త చక్రాలేసినారే, చేయకుండా ఎట్ల?"

"బొట్టు యాడ పెట్టినావు?"

"సందుల్లోంచి మెరుస్తా ఉండాదే పళ్లెం, దానికి. పసుపు నీళ్లతో కలిపితే నిలవలేదప్పా. ఆముదం కలిపి బాగా పూసినాను."

"రెండు పక్కలా?"

"ఆ పక్క గోడ కదప్పా! చెయ్యి యాడ దూరుతుంది?"

రక్షిత నవ్వు ఆపుకుంటూ ఫోన్ తీసుకుంది.

"అత్తా, ఈతూరి బానెట్టుకు పెట్టండి."

"దానికీ పెట్టినానమ్మా."

ఫోన్ పెట్టేశాక తిలక్ భార్య ముఖం చూశాడు. ఆమె డిస్కు వైపు చూస్తోంది.

"కారణం తెలిసింది కదా," అంది. "రిజెక్ట్ కాదు. రీవర్క్."

నూనె పీల్చిన బ్రేకు ప్యాడ్లు పనికిరావన్నాడు శరవణన్. జూజువాడికి పోయి గంటన్నరలో కొత్తవి తెచ్చాడు. ముందు రెండు చక్రాలకూ మార్చి, డిస్కులు కడిగి, ప్యాడ్లు కుదురుకునేదాకా లేఅవుటు చుట్టూ తిప్పాడు.

రక్షిత మళ్లీ కూర్చుంది. ఈసారి వరసగా పదిసార్లు తొక్కుతానంది. తిలక్, శరవణన్ టేపు పట్టుకున్నారు. మొదటిసారి ఇరవై మీటర్లలో ఆగింది, గీత మీదే. మూడోసారి తిలక్ టేపు చూడలేదు, ఆగిన కారులోకి వంగి పెడల్ మీద ఆమె కాలునే చూశాడు. కాలు నేలకు పోలేదు. ఏడోసారికి డిస్కుల నుంచి కాలిన వాసన వచ్చింది. పదోసారి ఇరవై మీటర్ల మీద జానెడు మాత్రమే ఎక్కువ పోయింది.

"ఎక్కు," అంది రక్షిత.

"తాళం ఇయ్యి, నేను తోలుతాను."

"ఎక్కమన్నాను."

శరవణన్ తన బైకును అక్కడే పెట్టి, ఆమె స్కూటర్ ఇంటికి చేరుస్తానన్నాడు. తిలక్ తన కారులో ఎడమ సీట్లో కూర్చోవడం అదే మొదలు. రక్షిత కారును కృష్ణగిరి వైపు పోనిచ్చింది. సూళగిరి దాటాక రోడ్డు పల్లానికి దిగింది. ముందు లారీలు ఉన్నాయి. రక్షిత నాలుగుసార్లు తొక్కింది, నాలుగుసార్లూ కారు వేగం తగ్గింది. దిగువకు వచ్చాక ఆమె తిలక్ కాళ్ల వైపు చూసింది. అతని కుడికాలు నేలను అదిమి ఉంది.

"ఆడ పెడల్ లేదప్పా," అంది.

తిలక్ కాలు తీశాడు. కృష్ణగిరి ఇంకా పదిహేను కిలోమీటర్లు ఉంది. ముందు ఒక బస్సు అడ్డం తిరిగింది. అతని కాలు మళ్లీ నేలను అదిమింది. రక్షిత అది చూసి, తనూ బ్రేకు తొక్కింది.