అద్దం అతికే మనిషి

అద్దం ముక్కని తువ్వాలు కొసతో తుడిచి, వెలుగుకి పట్టి చూసుకున్నాడు ఎల్లారావు. ఇంకా మరక ఉందనిపించి మళ్ళీ తుడిచాడు. జానెడు పొడవు, రెండువేళ్ళ వెడల్పు. అలాంటివి సంచిలో ఇంకా చాలా ఉన్నాయి. పూర్ణా మార్కెట్లో పటాలు కట్టే కొట్టువాడు మిగిలిపోయిన ముక్కల్ని కాగితంలో చుట్టి ఇస్తాడు. ఇన్ని అద్దాలు ఏ దేవుడికయ్యా అని మొదట్లో అడిగేవాడు. కొండకి అని చెబితే నవ్వి ఊరుకున్నాడు.

దువ్వాడ దాటాక వచ్చే రాళ్ళ క్వారీ అది. కొండని మెట్లు మెట్లుగా కోసుకుంటూ లోపలికి పోయారు. అలా మిగిలిన నిలువుగోడ పైఅంచున, నేలలో సన్నటి బీట ఉంది. బీటకి అడ్డంగా అద్దం ముక్క పెట్టి, రెండు చివర్లా నీళ్ళలో కలిపిన ప్లాస్టర్‌తో అతికిస్తాడు ఎల్లారావు. కొండ వెంట్రుకవాసి కదిలినా అద్దం పుటుక్కుమంటుంది. అది విరిగితే ఇతను విజిల్ ఊదాలి, కింద ఉన్నవాళ్ళంతా పైకి వచ్చెయ్యాలి. కొత్త అద్దం అతికి, అది విరక్కుండా నిలిస్తేగానీ మళ్ళీ ఎవరూ దిగకూడదు. ఊరికే కూచుని తినే ఉద్యోగం అని లారీ డ్రైవర్లు వెక్కిరిస్తారు. అతనికి కోపం రాదు. కోపం వచ్చి చాలా కాలమైంది.

పొడుగాటి మనిషి, ఎండకి కమిలిన వీపు. వలతాళ్ళు ఒరుసుకున్న అరచేతుల్లో పాత గీతలు అలాగే ఉన్నాయి. వాటిలోకి ఇప్పుడు తెల్లటి ప్లాస్టర్ చేరింది. ఎంత కడిగినా పోదు. హార్బర్ పక్క పేటలో పుట్టి, నడక వచ్చినప్పట్నుంచీ బోటు ఎక్కినవాడు. తుపానులో తమ్ముడు వాసు పోయాడు. బోటు దొరికింది, వాసు దొరకలేదు. ఎల్లారావు పెళ్ళాం పోతమ్మ మరిది కోసం ఎన్నో పొద్దులు గట్టు మీద కూచుంది. దొరకని మనిషి కోసం ఎలా ఏడవాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఏడవకుండానే ఉండిపోయారు. ఎల్లారావు మళ్ళీ సముద్రం మీదకి పోలేదు.

ఇవాళ తెల్లారకముందే పోతమ్మ చేపలబుట్టతో హార్బర్‌కి బయల్దేరుతూ, "గిన్నెలో అన్నముంది, తినీసెల్లు" అంది. "ఊఁ" అన్నాడు. రోజూ వాళ్ళు మాట్లాడుకునేది అంతే. గుమ్మం దాకా వెళ్ళి ఆమె ఆగింది. "వాన పడ్డాది. ఆడు కిందుంటాడు, సూసుకో."

ఆడు అంటే ఆమె తమ్ముడు సింహాద్రి. ఆ గోడ కిందే రాళ్ళు తవ్వే పొక్లెయిన్ నడుపుతాడు. పోతమ్మకి మిగిలిన తోడబుట్టినవాడు అతనొక్కడే.

పొద్దున ఎల్లారావు అంచు మీదికి రాగానే సింహాద్రి ఫోన్ చేశాడు. రోజూ ఇదే మాట.

"బావా, దిగనా?"

"అద్దం బాగుంది. దిగు."

రెండు రోజుల ముసురు వెలిసి ఎండ కాసింది. ఎల్లారావు అంచుకి లోపలగా హద్దుకి కట్టిన తాడు వెంట నడిచాడు, వచ్చాడు, మళ్ళీ నడిచాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి ముందు, బీట మీది అద్దం రెండు ముక్కలై కనిపించింది. అతను కంగారు పడలేదు. విజిల్ నోట్లో పెట్టుకుని ఊపిరి ఉన్నంతసేపూ ఊదాడు. కింద యంత్రాల రొద ఒక్కొక్కటే ఆగింది. మనుషులు తిట్టుకుంటూ పైకొచ్చారు. సింహాద్రి అందరికంటే వెనక వచ్చాడు. అతను తాడు ఇవతల అడుగుపెట్టేదాకా ఎల్లారావు కళ్ళు అతని మీదే ఉన్నాయి.

ఇంజనీరు మధులత కొండ కదలిక కొలిచే మిషన్లో కొలతలు చూసుకుని గొడుగు కిందినుంచి లేచింది. "గోడ కదులుతూనే ఉందండీ. ఇవాళ్టికి తాడు దాటి ఎవరూ వెళ్ళొద్దు. అద్దం కూడా రేపే." ఎల్లారావు తల ఊపాడు. ఆమె మేనేజరుకి చెప్పడానికి షెడ్డులోకి వెళ్ళింది.

అతను తల ఊపుతున్నప్పుడే చేతులు తమ పని చేసుకుపోతున్నాయి. అద్దం విరిగితే ప్లాస్టర్ కలపాలి, చేతులకి తెలిసింది అంతే. కొబ్బరిచిప్పలో పిండి వేసి, నీళ్ళు పోసి, వేళ్ళతో కలిపేశాడు. కలిపాక చూసుకున్నాడు. కలిపిన ప్లాస్టర్ ఆగదు. కాసేపట్లో రాయైపోతుంది.

"అయ్యో" అనుకున్నాడు, అంతకంటే ఏమీ అనిపించలేదు. చిప్పని తాడు పక్కన రాతి మీద పెట్టి, ఒక ముద్ద ఎడమ అరచేతిలోకి తీసుకుని, అద్దం పట్టుకుని తాడు దాటాడు.

టార్పాలిన్ నీడలో అన్నం క్యారేజీ విప్పుతున్న సింహాద్రి చూశాడు. "ఏటి బావా, ఆ మేడం ఒద్దంది కదా! ఎనక్కొచ్చీ!"

"గట్టిపడిపోద్దిరా. అతికీసి వచ్చెత్తాను. నువ్వు తిను."

ఎల్లారావు బీట దగ్గర కూర్చున్నాడు. "వచ్చీ, వచ్చీ" అని సింహాద్రి ఇంకా అంటూనే ఉన్నాడు. బియ్యం బస్తా నేల మీద దించినట్టు చప్పుడైంది. పెద్ద చప్పుడేం కాదు. దుమ్ము లేచింది. దుమ్ము తగ్గేసరికి ఎల్లారావు కూర్చున్న చోట నేల లేదు. కింద, పొక్లెయిన్ ఉండాల్సిన చోట కొత్తగా ఒక రాళ్ళగుట్ట లేచింది. దాని కింద యంత్రం ఉంది, మిగతావాళ్ళెవరూ లేరు. ఎల్లారావొక్కడే ఉన్నాడు.

సాయంత్రం పేటకి కబురు తెచ్చింది సింహాద్రే. గుమ్మంలో నిలబడ్డాడు. వళ్ళంతా తెల్లటి దుమ్ము. చేపలబుట్ట కడుగుతున్న పోతమ్మ తలెత్తి తమ్ముణ్ణి పైనుంచి కింద దాకా చూసింది. వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూసింది. ఆమెకి అర్థమైంది.

"దొరికినాడా?" అని అడిగింది.

"దొరికినాడక్కా. తీసీసినారు."

పోతమ్మ బుట్ట బోర్లించి, చేతులు చీరకి తుడుచుకుని, గడప మీద కూచుంది. మొదట వాసు కోసం ఏడ్చింది. ఆ తరవాత మొగుడి కోసం.

క్వారీలో కొత్త తాడు ఇంకా లోపలికి జరిపి కట్టారు. పాత తాడు పక్కన రాతి మీద కొబ్బరిచిప్ప ఎవరూ తియ్యలేదు. అందులో మిగిలిన ప్లాస్టర్ రాయిలా గట్టిపడి ఉంది, ముద్ద తీసుకున్న చోట నాలుగు వేళ్ళ గుంటలతో.