మా గేటు ముందు నది

మార్చి పదకొండున పొద్దున్నే జొన్నరొట్టె, వంకాయ కూర తిన్నాను. చేయి కడుగుదామంటే నల్లా రాలేదు. గేటు బయట పైపు పగిలి గుంత పడి, నాచారంలోని మా గల్లీని రెండుగా చీలుస్తూ నీళ్లు పారుతున్నాయి. ఆ గుంతలో బండ్లు పడతాయని ఒక ఇటుక నిలబెట్టి, దూరం నుంచి కనబడాలని, పోయిన మా ఆవిడ పసుపు డబ్బాలోంచి కాస్త తీసి పూశాను.

మర్నాటికి ఇటుకకు బొట్టు వచ్చింది. ముందర కొబ్బరికాయ పగిలింది. వారానికల్లా ఈ ఒడ్డున కొత్తిమీర మొలిచింది. ఆ ఒడ్డువాళ్లు తమదే పాత ఊరన్నారు. నదీ నాగరికతల గురించి కాలేజీలో చదువుకున్నాను గానీ, ఒకటి నా గేటు ముందే మొదలవుతుందనుకోలేదు.

పైపు బాగుచేయడానికి వచ్చిన ధర్మేందర్ గడ్డపార పక్కన పెట్టేశాడు.

"అమ్మోరి కింద తవ్వుమంటవా సార్? నాకు పిల్లలున్నరు."

"అది నేను పెట్టిన ఇటుకే."

"పెట్టేది ఎవరన్న పెడ్తరు. కూసున్నది అమ్మనే గద."

పక్క గల్లీ నుంచి నీళ్లు మోయడానికి నేను మళ్లీ బిందె ఎత్తుకున్నాను. మొదటి కొబ్బరికాయ కొట్టిన ఎదురింటి ఈరమ్మ నేను దారిలో రెండుసార్లు బిందె దించడం చూసింది. ఇటుక ముందు కూర్చుని కాసేపు కళ్లు మూసుకుంది.

"అమ్మ జర జరుగుతనంటుంది. సార్ మెట్ల కిందనైతే నీడ ఉన్నదంట," అంది.

సాయంత్రానికి నల్లా వచ్చింది, నది ఎండిపోయింది. ఇప్పుడు మా మెట్ల కింద గూడు, దానికో చిన్న తలుపు. రోజూ దీపం పెట్టాక ఈరమ్మ, "తిన్నవా సార్?" అని నన్నడిగి, ఆ తలుపును చప్పుడు కాకుండా మూస్తుంది.