సోడా బాబాయి నాలుక

రాత్రంతా నీళ్ళలో నానిన మూతుల్ని ఒక్కొక్కటే తీసి, వెలుతురుకి పట్టి చూసి, మెత్తటి గుడ్డతో తుడిచి కూల్‌డ్రింకుల యంత్రానికి బిగిస్తున్నాడు సోడా బాబాయి. బిగిస్తూ ప్రతి మూతినీ ఒక మాట అంటాడు. నిమ్మ మూతి బుద్ధిమంతురాలు, దాన్ని "తల్లీ" అని పిలుస్తాడు. నారింజ మూతి ఎంత బిగించినా ఒక బొట్టు కారుస్తూనే ఉంటుంది. "ముక్కు చీదుకోవడం ఇంకా రాలేదా నీకు?" అని దాన్ని మందలించాడు. ఆ వేళకి బర్గర్ల హోటల్లో ఇంకెవరూ ఉండరు. కుర్చీలన్నీ బల్లల మీద కాళ్ళు పైకెత్తుకుని పడుకుని ఉంటాయి. వినేవాళ్ళు లేరు కాబట్టి మాట్లాడుతున్నాడని అనుకునేరు. ఉన్నా అంతే మాట్లాడతాడు.

పొట్టి మనిషి, గుమ్మటంలాంటి పొట్ట. దాని మీద నీలం ఏప్రను ఎప్పుడూ ఒక పక్కకే జరిగి ఉంటుంది. ఎడమ మోకాలు మొరాయిస్తుంది. ఎన్నిసార్లు కడుక్కున్నా వేళ్ళకి తీపి జిగట వదలదు. ఈ హోటల్లోకి బల్లలు తుడవడానికి వచ్చాడు. తర్వాతెప్పుడో ఈ యంత్రం వచ్చింది. కౌంటర్లో ఖాళీ కాగితం గ్లాసు కొనుక్కుని, ఎవరికి కావలసింది వాళ్ళే పట్టుకుని, ఎన్నిసార్లయినా తాగొచ్చు. అంటే దాని దగ్గర మనిషి అక్కర్లేదనే లెక్క. కానీ జనం నురగ పొంగించుకుని, చేతుల నిండా పోసుకుని, బిక్కమొహాలు వేసుకుని నిలబడుతుంటే బాబాయి ఊరుకోగలడా? "గ్లాసు కాస్త వంచమ్మా. సగం పట్టి ఆగు. నురగ దిగనీ. దానికీ ఊపిరి తీసుకోవాలిగా" అంటూ వెళ్ళేవాడు. అలా వెళ్ళి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. పిల్లలు పెట్టిన పేరే అసలు పేరైపోయింది.

మేనేజరు అతన్ని అక్కడ ఉండనివ్వడానికి ఇంకో కారణం కూడా ఉంది. మూతులు బిగించాక బాబాయి ఒక్కోదాని నుంచి ఒక్కో గుక్క పట్టి రుచి చూస్తాడు. గ్యాసు తగ్గినా, సిరప్ పలచబడినా, ఐసులో వాసన వచ్చినా అతని నాలుక పట్టేస్తుంది. యంత్రం కింద అరలో సిరప్ పెట్టెలుంటాయి. ఒక్కో పెట్టె నుంచి ఒక్కో గొట్టం పైకి వెళుతుంది. ఆ గొట్టాల మీది కాగితాలు ఏనాడో తడిసి ఊడిపోయాయి. కొత్తవి అంటించమని ఎవరైనా అంటే, "నాలుకుండగా కాగితాలెందుకు?" అనేవాడు. అతను వచ్చాక పానీయాల గురించి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు మరి.

ఈరోజు మాత్రం అతను రుచి చూడలేదు.

నిన్న సాయంత్రం డాక్టరు కాగితం వంక చూసి, బాబాయి వంక చూసి, మళ్ళీ కాగితం వంక చూసి "షుగర్ బాగానే ఉంది" అన్నాడు. బాగానే ఉంది అంటే మంచిదే కదా అనుకున్నాడు బాబాయి. పక్కనున్న భార్య అలా అనుకోలేదు. ఇంటికి వెళ్ళగానే డబ్బాలో చక్కెర పక్కింటికి ఇచ్చేసింది. తన తల మీద అతని చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది.

"ఒక్క గుక్క కూడానా?"

"ఒక్క గుక్క కూడా. మీ గుక్కలు నాకు తెలుసు."

"చక్కెర లేని కోలా ఉంటుందే. డైట్ అంటారు."

"అదైతే మధ్యాహ్నం ఒకటి తాగండి, చిన్నది."

ఈ సంగతి హోటల్లో చెప్పలేదు. చెబితే రుచి చూడలేనివాడికి యంత్రం దగ్గర పనేమిటని లోపలికి పంపేస్తారు. లోపల వంటగదిలో బంగాళాదుంపలు తరిగే మనిషి మానేశాడని మేనేజరు నెల నాళ్ళుగా మొత్తుకుంటున్నాడు. అక్కడ కిటికీ లేదు. పిల్లలు రారు. నూనె చిటపటలాడుతుంది తప్ప పలకరించే దిక్కుండదు. ఆ తలుపు వైపు చూస్తేనే బాబాయికి గుండె బరువెక్కుతుంది. మనుషుల మాట వినపడకపోతే ముద్ద దిగని మనిషి అతను.

పొద్దున కోలా పెట్టె, డైట్ పెట్టె రెండూ ఒకేసారి అయిపోయి కనిపించాయి. కొత్తవి తెచ్చి, మోకాలు పట్టుకుని కింద కూర్చుని గొట్టాలు తగిలించాడు. అలవాటుగా గ్లాసు అందుకుని మూతి కింద పెట్టాడు కూడా. భార్య తల గుర్తొచ్చింది. నాలుక కరుచుకుని గ్లాసు పక్కన పెట్టేశాడు.

తలుపులు తెరిచారు. జనం రావడం మొదలైంది. మధ్యాహ్నానికి హాలు కిటకిటలాడింది. బాబాయి ఐసు నింపాడు, కారిన చోట తుడిచాడు, గ్లాసు వంచడం నేర్పాడు. ఒక పిల్లవాడు అన్ని మీటలూ వరుసగా నొక్కి బురదనీళ్ళ రంగు కషాయం తయారు చేసుకుంటే, "ఏం వైద్యుడివయ్యా!" అని మెచ్చుకున్నాడు. నిన్నటి కబురు మరిచిపోయినట్టే ఉన్నాడు. కాస్త తీరిక దొరకగానే చిన్న గ్లాసు తీసుకుని డైట్ కోలా పట్టుకున్నాడు.

ఆ డైట్ అంటే అతనికి ఎప్పుడూ గిట్టదు. చివర్లో నాలుక మీద ఒక చేదు మిగులుస్తుందని దాన్ని మందునీళ్ళనేవాడు. ఇకమీదట దానితోనే కాపురం కాబట్టి కళ్ళు మూసుకుని ఒక గుక్క తాగాడు. ఆహా అనిపించింది. ఇంకో గుక్క తాగాడు. ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచిదాన్ని ఇన్నాళ్ళూ ఆడిపోసుకున్నానే అని పశ్చాత్తాపపడ్డాడు కూడా. మూడో గుక్క సగంలో ఉండగా ఆ చేదు కోసం చూశాడు. రాలేదు. నోట్లో ఉన్నది అలాగే ఉండిపోయింది.

గొట్టాలు తారుమారయ్యాయి. డైట్ మీట నొక్కితే అసలు కోలా వస్తోంది.

మొదట ఒట్టు గుర్తొచ్చింది. వెంటనే టీచరమ్మ గుర్తొచ్చింది, ఇక ఒట్టు సంగతే మరిచిపోయాడు. టీచరమ్మ అంటే రోజూ ఈ వేళకి వచ్చి కిటికీ పక్కన కూర్చునే రిటైరైన లెక్కల టీచరు. ఆవిడకి ఎన్నాళ్ళనుంచో షుగర్. పోయిన ఏడు అది పెరిగిపోయి ఆసుపత్రిలో పడుకుని లేచింది. రోజూ ఒకే ఒక్క డైట్ కోలా. ఇప్పుడే తీసుకెళ్ళింది. బాబాయే ఐసు వేశాడు.

మోకాలు మొరాయించడం మానేసింది. ఆవిడ గ్లాసు పెదవుల దాకా తీసుకెళ్ళింది. బాబాయి వెళ్ళి చేతిలోంచి లాగేశాడు. సగం ఆవిడ ఒళ్ళో పడింది.

"మతి పోయిందేమయ్యా నీకు!"

"తాగారా?"

"తాగనిచ్చావా?"

అమ్మయ్య అనుకున్నాడు. అంతలో హాలంతా కనిపించింది. ఏ బల్ల మీద చూసినా నల్లటి గ్లాసే. అందులో ఏది డైటో ఏది కాదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. టీచరమ్మకి చీమ పడిందని చెప్పి వేరే గ్లాసు ఇచ్చేయొచ్చు. గుడ్డతో తుడుస్తున్నట్టు కింద కూర్చుని గొట్టాలు మార్చేయొచ్చు. ఎవరికీ తెలియదు, తనూ ఈ హాల్లోనే ఉండొచ్చు. ఈ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఐసు గరిటె తీసి యంత్రం పళ్ళెం మీద టంగుటంగుమని కొట్టాడు.

"అయ్యా, అమ్మా! నల్లది ఎవరూ తాగకండి! డైట్ అనుకుని పట్టుకున్నదాంట్లో చక్కెరుంది. షుగర్ ఉన్నవాళ్ళు ఎవరైనా తాగుంటే చెప్పండి, సిగ్గుపడొద్దు. తప్పు మీది కాదు, నాది. గొట్టాలు నేనే మార్చి పెట్టాను. పొద్దున రుచి చూడలేదు. ఎందుకు చూడలేదంటే నాకూ షుగరే!"

పైకెత్తిన గ్లాసులన్నీ బల్లల మీదకి దిగాయి. తర్వాత మూల బల్ల దగ్గర లావుపాటి లారీ డ్రైవరు గ్లాసు ఎత్తి చూసుకున్నాడు.

"అదా సంగతి! మామూలు కోలా పట్టుకుంటే ఇంత చప్పగా ఉందేంటా అని నా నోటినే అనుమానించాను."

"నేనూ అనుకున్నా, ఇవాళ డైట్ ఇంత బాగుందేంటని" అంది రెండో గ్లాసు తాగుతున్న ఒకావిడ. సన్నబడదామని తాగుతోంది తప్ప ఆవిడకి జబ్బేమీ లేదు. అందరూ ఫక్కున నవ్వారు. షుగర్ ఉన్నవాళ్ళు ఇంకెవరూ తాగలేదని తేలాక బాబాయి కుర్చీలో కూలబడ్డాడు.

మేనేజరు వచ్చాడు. బాబాయి కంటే సగం వయసువాడు. అరుస్తాడేమో అనుకుంటే పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"చెబితే లోపలికి పంపిస్తావుగా."

"ఇప్పుడైనా పంపక తప్పదు. రుచి చూడలేని మనిషికి దీన్ని ఎలా అప్పజెప్పను?"

బాబాయి యంత్రం వంక చూశాడు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఏప్రను అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"నీ చోట నేనున్నా అప్పజెప్పను నాయనా" అన్నాడు.

జనం పలచబడ్డాక గొట్టాలు సరిచేసి, కౌంటర్ దగ్గరుండే ఆమెకి పని నేర్పడానికి కూర్చున్నాడు. ఆమె ఇద్దరు పిల్లల తల్లి, నోరు చురుకైనదే. కానీ నాలుక సంగతి తెలియదు. మొదటి గుక్కకే పొలమారింది.

"గటగటా మింగేస్తావేంటమ్మా? పుక్కిట పెట్టు. నాలుక వెనక్కి పోనీ. ఇప్పుడు ముక్కుతో ఊపిరి వదులు."

"రెండూ ఒకేలా ఉన్నాయి బాబాయిగారూ."

"వదినా మరదళ్ళలా పైకి ఒకేలా తియ్యగా ఉంటాయి. చివర్లో ఏమంటుందో విను."

ఆమె మళ్ళీ తాగింది. కనుబొమలు ముడిచింది. "ఇదిగో, ఇది... పోతూ పోతూ చేదుగా ఒక మాట అంటోంది."

"అదీ! అదే డైట్. గెలిచావు పో." ఆమె వీపు తట్టాడు. అయినా నాలుక ఒక్కటే చాలదని ఈరోజు తెలిసింది కాబట్టి ఎర్ర గుడ్డపీలిక చింపి డైట్ గొట్టానికి తన చేత్తోనే ముడివేశాడు. సిరప్ పెట్టెల అర తాళంచెవి ఆమె అరచేతిలో పెట్టాడు. నారింజ మూతి కారుతుందని, తిట్టినా పరవాలేదు కానీ గట్టిగా తిప్పొద్దని చెప్పాడు.

ఆమె మీటలన్నీ మళ్ళీ చూసుకుంటూ నిమ్మ పక్కన ఇరుక్కుని ఉన్న ఒక చిన్న మీట మీద వేలు పెట్టింది.

"మరి ఇదేంటి?"

"అదా? ఉట్టి సోడా. పళ్ళెం కడగడానికి. దాన్నెవరు తాగుతారు?"

"అందులో చక్కెర ఉండదుగా?"

"ఉండదు."

"మరి మీరు తాగొచ్చుగా?"

ఇన్నేళ్ళూ బాబాయి దాంతో పళ్ళెం కడిగాడు, నేల కడిగాడు, ఒకసారి మేనేజరు బూట్లు కూడా కడిగాడు. తాగాలని మాత్రం తట్టలేదు. ఆమే గ్లాసు వంచి, సగం పట్టి, ఆగి, నింపి ఇచ్చింది. తాగాడు. నాలుక మీద చురచురమంది. గొంతులో గిలిగింతలు పెట్టింది, ముక్కులోకి ఎగదన్నింది, కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ తనకి నచ్చింది తీపి కాదేమోనని అనుమానం వచ్చి పెద్దగా నవ్వాడు.

"టీచరమ్మా! ఇలా రండి, మీకొకటి పోయిస్తాను!"

"ఈసారి ఒళ్ళో పోయకు" అంటూ వచ్చింది టీచరమ్మ. ఒక గుక్క తాగి మొహం చిట్లించి, ఇంకో గుక్క తాగింది. "రేపటినుంచి నువ్వు లోపలుంటావటగా. సరేలే, నేను ఆ వంటగది తలుపు పక్క బల్లకి మారతాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక మాట విసిరేయ్."

"రేపెందుకు బాబాయ్, ఇప్పుడే రా! బంగాళాదుంపల బస్తాలు దిగాయి" అని లోపల్నుంచి మేనేజరు కేకేశాడు.

బాబాయి ఏప్రను మధ్యకి సర్దుకున్నాడు. అది మళ్ళీ పక్కకి జరిగింది. గ్లాసు యంత్రం అంచు మీద పెట్టి, "వస్తున్నా" అంటూ కుంటుకుంటూ వెళ్ళి తలుపు తోసుకుని లోపలికి పోయాడు. తలుపు అటూ ఇటూ ఊగి మూసుకుంది. అవతల నుంచి అతని గొంతు, ఆ వెనకే ఎప్పుడూ నవ్వని వంటవాడి నవ్వు వినిపించాయి. సాయంత్రం జనం రావడం మొదలైంది. కౌంటర్ ఆమె గుడ్డ తీసుకుని యంత్రమంతా తుడిచింది, అంచు మీదున్న గ్లాసు జోలికి మాత్రం పోలేదు. అందులో సగం సోడా మిగిలి ఉంది. అడుగు నుంచి బుడగలు ఇంకా ఒక్కొక్కటే పైకి లేస్తున్నాయి.