వానకోటు పొర

"ఉతికితే పోయేదానికి కొనడమెందుకు?" అన్నాడు భర్త.

ఆ ఒక్క మాటతో ఇంట్లోంచి ముందు కాగితం తువ్వాళ్ళు పోయాయి. తర్వాత గిన్నెలు తోమే స్పాంజి పోయి, ఆమె నారతో అల్లిన పీచు వచ్చింది. చిరిగిన చొక్కాలు చేతిసంచులయ్యాయి. పాత పరదాలు మూతి తుడుచుకునే గుడ్డలయ్యాయి. అబద్ధమెందుకు, మొదట్లో ఆమెకూ సరదాగానే ఉండేది. కుట్టుమిషను ముందు కూర్చుంటే పనికిరాదనుకున్న గుడ్డ ఓ రూపానికి వచ్చేది. కాని రానురాను పని పంపకం తేలిపోయింది. ఆలోచన ఆయనది, కుట్టడం ఆమెది, ఉతకడం ఆమెది, ఉపన్యాసం మళ్ళీ ఆయనది. కాలనీలో ఆయన్ని 'గుడ్డసంచి గారు' అని ముద్దుగా పిలిచేవాళ్ళు. ఆమెని ఏమీ పిలిచేవాళ్ళు కాదు.

అంతలో అత్తగారు జారిపడి, తుంటి విరిగి మంచాన పడింది.

ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోనే చెత్తడబ్బాలో వాడేసిన డైపర్లు ఆయన కంటపడ్డాయి. "ఇవి మట్టిలో కలవాలంటే మన మునిమనవళ్ళు ముసలాళ్ళవ్వాలి. మా అమ్మ నన్ను గుడ్డల్లోనే పెంచింది, నేను బతకలేదా?" అన్నాడు. బతికారు, ఆవిడ ఉతికింది కాబట్టి, అని ఆమెకి నోటిదాకా వచ్చింది. మింగేసింది. మింగడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య.

పాత దుప్పటి నాలుగు మడతలు వేసి, మధ్యలో తువ్వాలు ముక్క పెట్టి కుట్టింది. బాగానే పనిచేసింది గాని, పరుపు తడిసేది. దాన్ని చూసి భర్త అటక మీంచి తన పాత వానకోటు దింపాడు. "ఇది బయటివైపు పొరగా వేసి కుట్టు. చుక్క బయటికొస్తే నన్నడుగు."

నిజమే, చుక్క బయటికి రాలేదు. తడీ వేడీ లోపలే మగ్గాయి. ముసలావిడ నడుము కింద చర్మం ముందు ఎర్రబడింది, తర్వాత పొక్కింది, ఆ తర్వాత చిట్లింది.

"గుడ్డ మంచిదే అమ్మాయ్," అంది అత్తగారు ఓ ఉదయం, పక్కకి తిప్పుతుంటే పళ్ళు బిగబట్టి. "ఆ పైన కుట్టావే, దాంతోనే బాధ. పెనం మీద పడుకోబెట్టినట్టుంది."

"మీ అబ్బాయికి చెప్పండి అత్తయ్యా."

"కన్నకొడుకుతో ఏమని చెప్పనే?" అని ఆవిడ గోడవైపు మొహం తిప్పుకుంది.

ఆవిడ సిగ్గుపడి చెప్పదు. చెప్పీ చెప్పీ విసిగి కోడలు చెప్పదు. ఇద్దరాడవాళ్ళ మౌనం మధ్య ఇల్లు అద్దంలా మెరుస్తోంది. ఆమె వానకోటు పొర విప్పేసి చూసింది. పరుపు తడిసి, దుప్పట్లు తడిసి, బకెట్లు రెట్టింపయ్యాయి. కంటి ఆసుపత్రిలో ఆమె కౌంటరు ఉద్యోగం. ఉతికి ఉతికి వేళ్ళు పగిలి పాచిపోతే, అక్కడి మేనేజరు నవ్వుతూనే అన్నాడు, "మేడమ్, చేతులు బల్ల కింద పెట్టుకుని మాట్లాడండి. పేషెంట్లు జడుసుకుంటున్నారు." ఆ రోజే వచ్చేదార్లో డైపర్ల ప్యాకెట్టు కొంది. మర్నాడు దాన్ని భర్త షాపులో తిరిగి ఇచ్చేసి వచ్చాడు. "మా ఆవిడ పొరపాటున తీసుకుందని చెప్పాను," అన్నాడు, ఏదో పరువు కాపాడినట్టు. విప్పిన పొర మళ్ళీ కుట్టించాడు.

"పుండు పడుతోందండీ. మీరొకసారి చూడండి," అంది.

"అమ్మని నేనెలా చూస్తాను? పౌడరు రాయి. ఆదివారం కాలనీ కమిటీ వాళ్ళొస్తున్నారు, 'చెత్త లేని ఇల్లు'గా మనల్ని ఎంపిక చేశారు. ఇప్పుడు డబ్బా నింపితే నా మొహం చెల్లుతుందా?"

ఆదివారం పొద్దున కమిటీ అధ్యక్షుడొచ్చాడు. వెంట ఓ పత్రికమ్మాయి, మెడలో కెమెరా. భర్త ఇల్లంతా తిప్పి చూపించాడు. సంచులు, మూతిగుడ్డలు, మైనం పట్టించిన గుడ్డమూతలు. చివరికి దండెం మీంచి ఆరిన గుడ్డొకటి తీసుకొచ్చి హాల్లో గాలిపటంలా ఎత్తి పట్టుకున్నాడు.

"ఇది చూడండి. నా సొంత ఆలోచన. పాత వానకోటు పొర."

"ఇంత ఆలోచించే భర్త దొరకడం మీ అదృష్టమమ్మా," అన్నాడు అధ్యక్షుడు. ఆమె చేతులు ఒళ్ళో దాచుకుంది.

"పెద్దవాళ్ళకి మార్చడం కష్టం కాదాండీ?" అడిగింది పత్రికమ్మాయి.

"చిటికెలో పని," అన్నాడు భర్త.

లోపల్నుంచి పిలుపు వినిపించింది. "అమ్మాయ్."

భర్త వెనక్కైనా తిరక్కుండా, మాట తెగకుండా, వేళ్ళతో లోపలికి సైగ చేశాడు. ఆమె లేచింది. ఇలా ఎన్ని ముద్దలు మధ్యలో వదిలి లేచింది, ఎన్ని మాటలు సగంలో తుంచుకుని లేచింది. మోకాళ్ళకి ఆ పిలుపు తెలుసు, బుర్రని అడగవు. ఇప్పుడు లోపలికెళ్ళి తలుపు దగ్గరగా వేస్తుంది. పుండు మీద పుండు రేగుతుంది. ఇవతల ఫొటో తీస్తారు. రేపటి పేపర్లో చూసి ఇంకో నాలుగిళ్ళలో వానకోట్లు కత్తిరించి, మంచాన పడ్డ ఇంకెవరికో కడతారు.

మళ్ళీ కూర్చుంది.

"మీరు వెళ్ళండి," అంది.

భర్త నవ్వాడు, అతిథుల వైపు చూసి. "అమ్మకి నేనంటే సిగ్గు."

ఆమె లోపలి గది వైపు చూసింది. మొగుడి మీది కసికి మంచంలో ఉన్న మనిషి సిగ్గుని పణం పెట్టానా? ఇప్పుడా ముసలావిడ గోడవైపు మొహం తిప్పుకుని ఏడుస్తోందేమో. తప్పు చేశాననుకుంది. లేవబోయింది.

"వాడినే రమ్మను," అంది లోపలి గొంతు.

గట్టిగా అన్నది కాదు. కాని అందరికీ వినిపించింది. పత్రికమ్మాయి కెమెరా కిందికి దించింది. అధ్యక్షుడు కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

భర్త చేతిలోని గుడ్డని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఆమె దగ్గరికొచ్చి, ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగాడు. "ఏ వైపు లోపలికి రావాలి?"

ఆమె పగిలిన చేతులు ఒళ్ళోంచి తీసి ముందున్న బల్ల మీద పెట్టుకుంది.

"ముందు ఆవిడ పుండు చూడండి. ఇంక అది కట్టబుద్ధి కాదు మీకు."