గిటారు లోపలి రాగి

మోటరు వైండింగుకిచ్చినోడు దుకాణం ముంగట పొద్దుందాక కూసోవాలె. ఇస్నాపూర్‌ల గదే రివాజు. కండ్లు జెర పక్కకు తిప్పితే రాగి తీగ పోయి అల్యూమినియం తీగ వచ్చి కూసుంటదని రైతులకు భయం. సద్ది కట్టుకొని వచ్చి మరీ కావలుంటరు.

ఏలీయాకు గట్ల కూసునే తీరిక లేదు. పటాన్‌చెరు కంపెనీల ఫిట్టరు, పొద్దుగాల షిఫ్టు. వైండింగు మొగులయ్యకు తను ఇచ్చింది మోటరు గూడ గాదు, చర్చి గిటారు. కరెంటుతోటి మోగేది. సంఘమంతా చందాలేసుకొని కొన్నది. సంఘపెద్ద సౌభాగ్యమ్మ దాన్ని చేతికిచ్చిననాడే చెప్పింది: "బిడ్డా, దీన్ని నీ మీద నమ్మకంతోటి ఇస్తున్నం. ఆ నమ్మకం పోయిననాడు ఇంకొకలకు ఇస్తం."

కరెంటు గిటారుకు తీగల కింద రెండు పికప్పులుంటయి. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్న సన్నటి రాగి తీగను వేల చుట్లు చుట్టి పెడ్తరు. పైన తీగ ఊగితే కింద ఇది పసిగట్టి సౌండు డబ్బాకు పంపుతది. మెడ దిక్కున్న పికప్పు గుమ్మని పలుకుతది, కిందిది కణకణమంటది. స్విచ్చి నడుమ పెడ్తే రెండూ కలిసి పలుకుతయి. ఆ రెండిట్ల మెడ దిక్కుది సచ్చిపోయింది. మొగులయ్య పట్నం నుంచి తీగ తెప్పిచ్చి, మూడు రోజులు చుట్టి, అతికిచ్చి ఇచ్చిండు.

"కోత పండుగకు చర్చి దద్దరిల్లాలె తమ్మీ" అన్నడు.

అంత మెత్తగ మాట్లాడుడే ఏలీయాకు నచ్చలే. ఇంటికొచ్చి, తలుపుకు గొళ్లెం పెట్టి, మరలు విప్పిండు. పికప్పుకెళ్లి రెండు నల్ల వైర్లు వస్తున్నయి. ఒకదానికి ఎర్ర దారం ముడి. రెంటినీ సీసం టాకాలకెళ్లి ఊడవీకిండు. దారం అడ్డమొస్తే తెంపి పారేసిండు. తీగ కొసను బ్లేడుతోటి గీకి చూసిండు. ఎర్రగనే ఉన్నది. రాగే.

'కొస రాగే. లోపలనో?'

లోపల చూసుడు తనతోటి అయ్యేది గాదు. సీసం కరిగిచ్చి రెండు వైర్లనూ మళ్ల టాకా పెట్టిండు. ఏది ఎటుదో సూసుకోలే.

శుక్రారం చర్చిల ప్రాక్టీసు. మెడ దిక్కు పికప్పు ఒక్కటే పెడ్తే మంచిగనే పలికింది. కిందిది ఒక్కటే పెట్టినా మంచిగనే ఉన్నది. స్విచ్చి నడుమకు తెచ్చిండు. రేకు డబ్బాల దోమ పడ్డట్టు పీలగ మోగింది.

"ఏందయ్యా, జ్వరమొచ్చిందా దానికి?" అన్నది సౌభాగ్యమ్మ.

"మొగులయ్య పనే అమ్మా. రాగి మింగిండు. పైకి రాగి, లోపల అల్యూమినియం."

తను విప్పిన సంగతి చెప్పలే.

తెల్లారి చాయ్ హోటల్ల గూడ అదే అన్నడు. "చర్చి సొమ్మే ఇడువనోడు మీ మోటర్లను ఇడుస్తడా?" విన్నోళ్లల్ల కొండాపూర్ రైతు కొమురయ్య ఉన్నడు. చాయ్ సగంల ఇడిచిపెట్టి పోయి, మొగులయ్య దుకాణంల దించిన తన మోటరును ఎదురుంగున్న ఇంకో వైండింగు దుకాణానికి మోపిచ్చిండు.

షిఫ్టు దిగినంక ఏలీయా గిటారు పట్టుకొని పోతే మొగులయ్య ఒక్కడే ఉన్నడు.

"రా తమ్మీ. నీకన్న ముందే నీ మాట వచ్చింది."

"తిన్నది కక్కు అన్నా. ఊకె మాటలొద్దు."

"నీ ముంగటనే విప్పుత. రెప్ప కొట్టకుంట సూడు."

విప్పిండు. తొంగి చూసి, వేలుతోటి టాకాను తడిమిండు.

"ఈ టాకా నాది గాదు. నాది కందిగింజంత ఉంటది. ఇది మేకపెంటిక లెక్కున్నది. నేను కట్టిన దారం ఏది?"

'నన్నే ఇరికిస్తున్నడు' అనుకున్నడు ఏలీయా.

"బోరు మోటరు ఉల్టా తిరిగితే నీళ్లు పోస్తదా?" మొగులయ్య అడిగిండు.

"పొయ్యది."

"అప్పుడేం జేస్తరు?"

"రెండు వైర్లు అటిటు మారుస్తరు."

"ఇదీ గంతే. ఒక్కటే పికప్పు మోగితే వైర్లు ఉల్టా ఉన్నా ఎరుక గాదు. రెండు కలిస్తే ఒకటి ముందుకు నూకుతది, ఇంకోటి ఎనుకకు గుంజుతది. దమ్మంతా గాడనే పోతది. ఏ వైరు ఎటుదో మరువద్దనే దారం కట్టిన."

అటు వైరు ఇటు, ఇటు వైరు అటు మార్చి, గిటారును మూలకున్న సౌండు డబ్బాకు తగిలిచ్చిండు. స్విచ్చి నడుమ పెట్టిండు. ఏలీయా మీటంగనే గోడకున్న ఇనుప పానాలు గల్లుమన్నయి.

"విప్పింది నేనే అన్నా."

మొగులయ్య తలెత్తలే. "టాకా చూడంగనే ఎరుకాయె. నాకెందుకు జెప్తవు? ఎవ్వల చెవుల ఊదినవో గాళ్లకు జెప్పు."

తెల్లారితే కోత పండుగ. నోరు మూసుకొని పోతే గిటారు తన చేతిలనే ఉంటది. చెప్తే, దొంగచాటుగ విప్పి ఇంకొకల మీద నూకినోన్ని సౌభాగ్యమ్మ నమ్ముతదా? ఏలీయా గిటారును భుజానికి తగిలిచ్చుకొని గడప దిగిండు. రోడ్డు దాటి, ఎదురు దుకాణం ముంగట తన మోటరుకు కావలున్న కొమురయ్య దగ్గరికి పోయిండు.

"కొమురన్నా, మొగులయ్య దొంగ గాదు. గిటారు కరాబు చేసింది నేనే."

కొమురయ్య కింద కుప్ప పోసిన పాత రాగి దిక్కు చూసిండు. మోటరు అప్పటికే ఖాళీ అయింది.

"పేగులు తీసినంక చెప్తవారా? వైద్యున్ని మార్పిచ్చింది నువ్వు, ఈడ ఎక్కువ పైసలు పెట్టేది నేను. మీ చర్చోళ్లకు చెప్పినవా?"

"గాడికే పోతున్న."

"మళ్ల ఇస్తరా నీకు గిటారు?"

"ఇయ్యరు గావచ్చు" అని ఏలీయా చర్చి దిక్కు నడిసిండు.