రెండు నిమిషాల సుత్తి

నేను ఒక కొయ్యసుత్తిని. మేకులు కొట్టేదాన్ని కాదు, మనుషుల నోళ్లు మూయించేదాన్ని. అమెరికా చట్టసభల్లో సభాధ్యక్షుడి చేతికింద జానెడు కర్ర ఒకటుంటుంది. ఎదుటివాడు మాట్లాడుతుండగానే దాన్ని దిమ్మ మీద ఠక్కున కొట్టి "ఇక చాలు" అంటారు. ఆ కర్రనే నేను. అమెరికా కర్రకి తెలుగెలా వచ్చిందని మాత్రం అడక్కండి. మీ బడి వ్యాసాల్లో రూపాయి కాసుకీ పాత సైకిలుకీ ఎలా వచ్చిందో నాకూ అలాగే వచ్చింది. సుత్తి కొట్టేవాళ్లంటే మీకు విసుగని విన్నాను. ఏం చెయ్యను, నా బతుకే అది. నా గోడు రెండు నిమిషాల్లో తేలేది కాదు గనుక కాస్త ఓపిక పట్టండి.

నన్ను చేసినవాడు ఎమ్మెట్ స్ట్రాడర్. కొండల మధ్య టర్లీ కౌంటీ అని ఒక బొగ్గు ప్రాంతం, మీ లెక్కలో చిన్న జిల్లా అనుకోండి. అక్కడ వారమంతా గనిలోకి దిగేవాడు, ఆదివారం ప్రార్థన అయ్యాక పెరట్లో చిత్రిక పట్టేవాడు. గాలివానకి పెరట్లో అక్రోటు చెట్టు పడిపోతే ఆ కలపలోంచి ఒక ముక్కతో భార్య ఓపల్‌కి అప్పడాల కర్ర చేశాడు, ఇంకో ముక్కతో నన్ను చేశాడు. ఆ అప్పడాల కర్ర నా తోబుట్టువు. అది నలభై ఏళ్లు నలుగురి కడుపూ నింపింది. నేనేం చేశానో వినండి.

నన్ను చేసింది గ్రేడీ పెటిగ్రూ కోసం. ఎమ్మెట్‌కీ అతనికీ లాగులు తొడుక్కునే వయసు నుంచీ స్నేహం. గ్రేడీ రాష్ట్ర సెనేట్‌కి గెలిచి, అక్కడ బిల్లుల మీద సాక్ష్యాలు వినే ఒక సంఘానికి అధ్యక్షుడైన రోజున ఎమ్మెట్ నన్ను పాత చొక్కా గుడ్డలో చుట్టి తీసుకెళ్లి ఇచ్చాడు.

"గట్టిగా కొట్టకురోయ్. మెడ దగ్గర చీల దిగ్గొట్టా. అది జారిందంటే తల ఊడి ఎవడి మొహాన పడుద్దో నాకు తెలీదు" అన్నాడు.

"నీ పని ఊడిపోవడమేంట్రా" అని గ్రేడీ నవ్వాడు.

రెండు నిమిషాల నియమం మొదటి రోజే పెట్టాడు. దానికో కథ ఉంది. గ్రేడీ తండ్రి చిన్న రైతు. వాగు మీద వంతెన వెయ్యమని అడగడానికి ఒకసారి రాజధానికి వెళ్లాడట. కంపెనీ వకీళ్లు పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా మాట్లాడితే, ఈయన వంతు వచ్చేసరికి సభ ముగిసింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. అందుకే గ్రేడీ కుర్చీలో కూర్చోగానే, "ఇక్కడ సాక్ష్యం చెప్పడానికొచ్చిన ప్రతి మనిషికీ రెండు నిమిషాలు. కోటు వేసుకున్నా, చిరుగు చొక్కా వేసుకున్నా రెండే" అన్నాడు.

ఆ పూటే ఒక పెద్ద కంపెనీ వకీలు గొంతు సవరించుకుని, తాతల కాలం నుంచి మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు కాగానే ఠక్! వకీలు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. గ్యాలరీలో గని కార్మికులు ఈలలు వేశారు. అందరికంటే పెద్ద ఈల ఎమ్మెట్‌ది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నేను పొంగిపోయాను. సరైన చేతిలో పడ్డానురా దేవుడా అనుకున్నాను.

గ్రేడీని అర్థం చేసుకోవడం కష్టం. దమ్మిడీ లంచం ముట్టలేదు. సర్కారు కాఫీ కూడా తాగేవాడు కాదు, ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకునేవాడు. "చెయ్యి చాచడం అలవాటు చేస్తే నడుం అదే వంగుతుంది" అన్నది అతని పాట. కొత్త పథకం వస్తే వద్దన్నాడు, పాత పథకం ఉంటే ఎందుకన్నాడు. సమ్మెకి దిగిన టీచర్లని సభలోనే నాలుగు మాటలు అన్నాడు. సగం రాష్ట్రం అతన్ని నెత్తిన పెట్టుకుంది, సగం రాష్ట్రం దుమ్మెత్తిపోసింది. గవర్నరుగా నిలబడి ఓడిపోయాడు, మళ్లీ వచ్చి తన కుర్చీలోనే కూర్చున్నాడు. అన్నేళ్లలో రెండు నిమిషాల నియమం మాత్రం ఇంచు కదల్లేదు. బిడ్డ పోయిన తల్లి ఏడుస్తూ మాట్లాడుతున్నా కదల్లేదు. కంపెనీ వకీళ్లేమో ఈలోగా ఉపాయం కనిపెట్టారు. ఒక్కడు వచ్చే చోట పదిమంది వచ్చి, తలా రెండు నిమిషాలు మాట్లాడి పోయేవారు. నియమం అందరికీ ఒకటేగా మరి!

అలా ఉండగా ఊపిరితిత్తులు చెడిన గని కార్మికులకి మందులూ ఆక్సిజనూ ఇచ్చే నిధి ఒకటి రాష్ట్రంలో ఉండేది. దాన్ని మూసేయాలని బిల్లు వచ్చింది. తెచ్చింది గ్రేడీయే. అది కంపెనీలు చూసుకోవాలి, చర్చి చూసుకోవాలి, సర్కారు కాదని అతని వాదం. విచారణ రోజున తలుపు తెరుచుకుని ఎమ్మెట్ వచ్చాడు. ముక్కుకి గొట్టాలు, వెనకాల చక్రాల మీద సిలిండరు, దాన్ని తోస్తూ ఓపల్. మీలో సింగరేణి వైపు వాళ్లుంటే ఆ దగ్గు ఎలాంటిదో నేను చెప్పక్కర్లేదు.

"అధ్యక్షా..." అని ఊపిరి తీసుకున్నాడు. "ఇక్కడ ఒరేయ్ అనకూడదుగా..." అన్నాడు. సభంతా నవ్వింది. అతను మాత్రం మళ్లీ ఊపిరి కోసం ఆగాడు. మనకి ఒక్క గుక్కలో అయ్యే మాట అతనికి నాలుగు గుక్కలు. గనిలో దిగిన మొదటి రోజు గురించి చెప్పాడు. తనతో దిగినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పసాగాడు. ఏడుగురి పేర్లలో నాలుగో పేరు దగ్గరికి వచ్చేసరికి గడియారంలో రెండు నిమిషాలు అయ్యాయి.

గ్రేడీ చెయ్యి నన్ను పట్టుకుంది. ఒకసారి వదిలేసి, మళ్లీ పట్టుకుంది. ఆ సంగతి లోకానికి తెలీదు, నాకు తెలుసు. నేను అప్పుడు మొక్కని దేవుడు లేడు. ఆ చీల ఇప్పుడు జారిపోతే బాగుండు, నా తల ఊడి బల్లకింద ఎక్కడో పడితే బాగుండు, వెతుక్కునేలోపు ఆ మూడు పేర్లూ అయిపోతాయి కదా అని అల్లాడిపోయాను. ఊడలేదు. ఎందుకు ఊడుతుంది? ఎమ్మెట్ చేసిన పని అది.

ఠక్.

"నియమం అందరికీ ఒకటే, ఎమ్మెట్" అన్నాడు గ్రేడీ.

ఎమ్మెట్ నా వైపు చూశాడు. అతని వైపు కాదు, నా వైపు. "చూశావా... చీల... కదల్లేదు" అన్నాడు. ఓపల్ సిలిండరు తిప్పుకుంది, ఇద్దరూ వెళ్లిపోయారు. నిధి మూతపడింది. మరుసటి వసంతం ఎమ్మెట్ చూడలేదు. అంత్యక్రియలకి గ్రేడీ వెళ్లి చర్చిలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఓపల్ తల తిప్పి చూడలేదు.

ఈలోగా టీవీల్లో ఆ దెబ్బ దేశమంతా మోగింది. ప్రాణ స్నేహితుడికి కూడా మినహాయింపు ఇవ్వని ధర్మాత్ముడని ఒక వర్గం, రాతిగుండెవాడని ఇంకో వర్గం. అతని సభల్లో నా బొమ్మలు ప్లాస్టిక్‌వి చేసి అమ్మారు. వాటి తలలు రెండో దెబ్బకే ఊడిపోయేవి. అదృష్టవంతులు.

నాలుగేళ్లకి గ్రేడీకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, నాలుక మొద్దుబారింది. ఒక్కో మాట బండరాయి దొర్లించినట్టు వచ్చేది. భార్య ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. పదవి వదులుకుంటున్నానని చెప్పాడు గానీ, కొత్త అధ్యక్షురాలికి నన్ను అప్పగించే శుక్రవారం దాకా ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆ శుక్రవారమే మూసేసిన నిధిని మళ్లీ తెరవాలనే బిల్లు మీద విచారణ. దానికి సాక్షిగా తన పేరు తనే రాయించుకున్నాడు. గ్రేడీ పెటిగ్రూ సాక్ష్యమంటే బిల్లుని తిట్టడానికేనని అందరూ అనుకున్నారు.

నేను ఒక్కదాన్నే ఎరుగుదును. రోజూ పొద్దున వంటింటి బల్ల దగ్గర ఎడమచేత్తో నన్ను పట్టుకుని, గోడగడియారం చూస్తూ సాధన చేసేవాడు. "ఎమ్మెట్... అడిగింది... న్యాయం. నేను... వినాల్సింది. తప్పు... నాది. నిధి... తెరవండి." అంతే మాట! కానీ ముందు "గౌరవనీయ అధ్యక్షురాలికీ, సభ్యులకీ, సభకి విచ్చేసిన పెద్దలకీ" అని మర్యాదలన్నీ చెప్పేవాడు. ఆ మర్యాదలకే దాదాపు రెండు నిమిషాలు పట్టేది. ఎన్నిసార్లు చేసినా మొత్తం మూడు నిమిషాలకి తగ్గలేదు. ఓరి నాయనా, ఆ మర్యాదలు వదిలెయ్యవయ్యా, అసలు మాట ముందు చెప్పవయ్యా అని గగ్గోలు పెట్టాను. కొయ్య గగ్గోలు ఎవడికి వినపడుతుంది? ముప్పై ఏళ్లు సభామర్యాద అని ఊళ్లో వాళ్లందరికీ నేర్పినవాడు, తనకోసం దాన్ని వదులుకోలేకపోయాడు. ఒక నిమిషం ఎక్కువైతే ఏమవుతుందిలే, తనని ఆపేదెవరని అనుకున్నాడేమో.

గురువారం ఓపల్‌కి ఫోను చేశాడు. "రేపు... సభకి... రా" అన్నాడు.

"ఎందుకు?" అందావిడ.

"సభలో... చేసింది... సభలోనే... చెప్పాలి" అన్నాడు. "వస్తా" అందావిడ.

శుక్రవారం సభ కిటకిటలాడింది. గ్రేడీ నన్ను కొత్త అధ్యక్షురాలు షెల్బీ ట్రెంట్ చేతిలో పెట్టాడు. అతని దగ్గర గుమాస్తాగా చేరి, రాజకీయమంతా అతని దగ్గరే నేర్చుకున్న మనిషి. కళ్లనీళ్లు పెట్టుకుని అతన్ని కౌగిలించుకుంది. తర్వాత అతను చేతికర్ర ఊతంతో మెల్లగా నడిచి సాక్షి కుర్చీలో కూర్చున్నాడు. గ్యాలరీలో ఓపల్ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"గౌ... రవ... నీయ..."

సభంతా ముందుకి వంగి వింటోంది. గడియారం మాత్రం ఆగలేదు. సభ్యులు అయ్యారు, పెద్దలు అయ్యారు. "ఎమ్..." అన్నాడు. పెదాలు మూసుకుని మళ్లీ తెరిచాడు. "ఎమ్మె..."

షెల్బీ చెయ్యి నా మీద పడింది. ఒక్కసారి కూడా వదల్లేదు. చెమ్మగిల్లిన కళ్లతో చిరునవ్వు నవ్వుతూ, గురుదక్షిణ చెల్లిస్తున్నట్టు, నన్ను ఎత్తింది. ఎమ్మెట్ మాట మీద పడేముందు మొక్కిన మొక్కే మళ్లీ మొక్కాను.

ఠక్.

"నియమం అందరికీ ఒకటే, సర్. మీరు నేర్పిందే" అంది.

సభ మొత్తం లేచి నిలబడింది. ఇటువాళ్లూ అటువాళ్లూ ఒకటే చప్పట్లు. ముప్పై ఏళ్లలో రెండు వర్గాలూ కలిసి చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి. గ్రేడీ ఎడమచెయ్యి ఎత్తి వద్దు వద్దని ఊపుతున్నాడు. వాళ్లకి అది వీడ్కోలులా కనిపించింది, వాళ్లూ చేతులు ఊపారు. ఆ హోరులో అతని నోరు కదులుతూనే ఉంది. ఆ తర్వాత ఓటు పెట్టారు. బిల్లు వీగిపోయింది. దానికీ నన్నే కొట్టారు. ఆ వారం దాటకుండానే గ్రేడీకి రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి ఒక్క మాట కూడా మిగల్లేదు, నెల తిరక్కుండా మనిషీ మిగల్లేదు.

ఇప్పుడు నేను టర్లీ కౌంటీ మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. "తన నియమానికి తానే తలవంచిన మహనీయుడి సుత్తి" అని కింద చీటీ పెట్టారు. పక్కన ఎర్ర బొత్తాం ఉంది. నొక్కితే నా చప్పుడు వినిపిస్తుంది. చేసినవాడి పేరు ఎక్కడా లేదు.

మొన్న మంగళవారం ఓపల్ వచ్చింది. చీటీ రెండుసార్లు చదివింది. అద్దానికి ముఖం ఆనించి నా మెడ దగ్గర చీల కోసం చూసింది. మ్యూజియంలో పనిచేసే అమ్మాయి ఆవిడ దగ్గరికి వచ్చింది.

"ఆ రోజు నేనూ ఉన్నానమ్మా అక్కడ. ఏదో చెప్పబోయాడు. మా ఆయన పేరే అన్నట్టు అనిపించింది నాకు. ఏం చెప్పబోయాడో నీకేమన్నా తెలుసా?" అని అడిగింది ఓపల్.

"థ్యాంక్స్ చెప్పబోయుంటారండి, ఇంకేముంటుంది" అందా అమ్మాయి. ఆమె తప్పేం లేదు. తెలిసినదాన్ని నేను అద్దం వెనక ఉన్నాను. ఎమ్మెట్ అడిగింది న్యాయం, ఎమ్మెట్ అడిగింది న్యాయం అని నాలో నేను అరుస్తూనే ఉన్నాను.

"అదిగో ఆ బొత్తాం నొక్కి చూడండి, భలే ఉంటుంది" అంది అమ్మాయి.

ఓపల్ వినిపించుకోలేదు. "ఇది మా ఆయన చేసిందేనమ్మా. మా పెరట్లో అక్రోటు చెట్టు పడిపోతే..." అని మొదలుపెట్టింది.

పెద్దావిడకి వినపడలేదనుకుని ఆ అమ్మాయే చెయ్యి చాపి బొత్తాం నొక్కింది. ఓపల్ ఉలిక్కిపడి, మాట అక్కడే ఆపేసింది.